పిడికెడు ఊలు ఉంటే ఏం అల్లుకోవచ్చు

సాలూరులో బస్సెక్కేటప్పుడు చెమటలు కారుతుంటాయి. ఘాట్ మీద సుంకి దాటి పొట్టంగి చేరేసరికి ఎవరో ఒకరు కిటికీ అద్దం లాగేస్తారు. డిసెంబరు నెలయితే సునాబెడలో దిగేముందే బ్యాగులోంచి స్వెటర్ తీయాలి. కింద ఉన్న మా చుట్టాలకి ఇది ఎన్నిసార్లు చెప్పినా నమ్మకం కుదరదు. "రెండు మూడు గంటల ప్రయాణానికి స్వెటరేంటే?" అని నవ్వుతారు. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి కొండ, 1,672 మీటర్లది, మా కొరాపుట్ జిల్లాలోనే ఉందని చెప్పాక కాస్త తగ్గుతారు.

ఇంత చలి ఉన్నచోట ఏటా ఏదో ఒకటి అల్లుతూనే ఉంటాం, అల్లిన ప్రతిసారీ కాస్త ఊలు మిగులుతూనే ఉంటుంది. స్వెటర్‌కి చాలదు, పారేయడానికి చేతులు రావు. మా అత్తగారు ఆ సంచీ చూసినప్పుడల్లా "ఎలకలకి పరుపు కుట్టిస్తున్నావా అమ్మా?" అంటారు. ఆ మాట పడలేక మొదలుపెట్టినవే ఈ చిన్న అల్లికలు. ఒక్కోదానికి ఒక సాయంత్రం, చేయి తిరగనివాళ్ళకి రెండు.

మీకు కుట్లు ఎక్కించడం, ప్లెయిన్, పర్ల్, చివర కుట్లు ముగించడం వస్తే చాలు. రెండు కుట్లు కలిపి అల్లడం అంటే సూదిని ఒకేసారి రెండు కుట్లలో దూర్చి ఒక కుట్టుగా తీయడమే, కొత్త విద్యేం కాదు. పేర్ల దగ్గర మాత్రం మా వైపు కొంచెం గందరగోళం. సునాబెడలో 1964లో మిగ్ విమానాల ఇంజన్ల ఫ్యాక్టరీ వచ్చాక దేశం నలుమూలల వాళ్ళూ కాలనీలో చేరారు. నాకు అల్లిక నేర్పింది పక్క క్వార్టర్‌లోని పంజాబీ ఆంటీ. ఆవిడకి సీదా, ఉల్టా. మా అమ్మకి ప్లెయిన్, పర్ల్. సీదా అంటే ప్లెయిన్, ఉల్టా అంటే పర్ల్, అంతే. ఇక్కడ అమ్మ మాటలే వాడుతున్నాను.

ముందు ఊలుని చూడండి

చాలామంది ముందు డిజైను ఎంచుకుని తర్వాత ఊలు వెతుకుతారు. మిగిలిన ఊలు విషయంలో అది తలకిందుల పని. మీ దగ్గర ఎంత ఉంది, ఎంత లావుంది, అది దేంతో చేసిందో చూసుకుంటే ఏం అల్లాలో దానంతటదే తేలిపోతుంది.

లావు చూడటానికి స్కేలు చాలు. ఊలుని స్కేలు మీద పక్కపక్కనే, బిగించకుండా, ఒకదాని మీదొకటి ఎక్కకుండా చుట్టండి. ఒక అంగుళంలో 11, 12 చుట్లు పడితే అది ఈ వ్యాసంలో లెక్కలన్నిటికీ సరిపోయే ఊలు. దానికి 8 నంబరు సూదులు, అంటే 4 మిల్లీమీటర్లవి, వాడండి. ఊలు అంతకంటే సన్నగా ఉంటే రెండు పోగులు కలిపి అల్లి చూడండి. రెండు రంగుల సన్న పోగులు కలిపితే వచ్చే మచ్చల మచ్చల అందం వేరు. బూడిద రంగుతో ఏది కలిపినా బాగుంటుంది.

సూదుల నంబర్ల సంగతి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే యూట్యూబ్ చూసి మోసపోతారు. మన కొట్లలో దొరికే సూదులవి పాత బ్రిటిష్ నంబర్లు. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా వాళ్ళ లెక్క దీనికి ఎదురు. వాళ్ళు 8 అంటే 5 మిల్లీమీటర్ల సూది, మనం 8 అంటే 4 మిల్లీమీటర్లది. వీడియోలో నంబరు వదిలేసి మిల్లీమీటర్లు వినండి.

ఇక ఊలు అసలుదా, అక్రిలిక్‌దా? లేబుల్ ఎప్పుడో పోయుంటుంది. బెత్తెడు పోగు తెంపి పట్టకారుతో పట్టుకుని, కింద నీళ్ళు పోసిన స్టీలు పళ్ళెం పెట్టుకుని, కొసకి నిప్పు తగిలించండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, వేళ్ళతో నలిపితే పొడి అయ్యే బూడిద మిగిలితే అది గొర్రె ఊలు. కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగిలితే అక్రిలిక్. మన బజారులో ఉండల్లో చాలావరకు అక్రిలిక్కే. అదేం తక్కువది కాదు, ఉతకడానికి సుఖం, పురుగు పట్టదు. వేడికి మాత్రం తట్టుకోదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, కింద రెండుసార్లు పనికొస్తుంది.

ఉండని వంటింటి తక్కెడ మీద పెట్టి బరువు చూడండి. చిన్న చదరానికి 5, 6 గ్రాములు చాలు. చెవిపట్టీకి 25, పసిపిల్లల టోపీకి 25 నుంచి 30, చేతి తొడుగుల జతకి 30 నుంచి 35 ఉండాలి. ఇవి నా చేతి లెక్కలు. మీరు వదులుగా అల్లేవాళ్ళయితే ఇంకో 5 గ్రాములు దగ్గర ఉంచుకోండి.

ఊలు అయిపోతుందేమోనన్న టెన్షన్‌కి ఒక లెక్క ఉంది. ఒక వరస అల్లడానికి ఆ వరస వెడల్పుకి సుమారు మూడింతల పోగు పడుతుంది. కుట్లు ముగించడానికి నాలుగింతలు ఉంచుకోండి. చివర్లో రెండు వరసలకొకసారి పోగుని అల్లిక మీద పరిచి కొలుచుకుంటే ముగింపులో సగం కుట్లు మిగిలిపోయే బాధ ఉండదు.

గ్లాసు కింద చదరం

మొదటిసారి చేసేవాళ్ళకి ఇదే నా సలహా. మూల నుంచి మూలకి అల్లుతాం కాబట్టి ఎంత ఊలుంటే అంత చదరం వస్తుంది. ముందుగా కొలతలేమీ అక్కర్లేదు.

4 కుట్లు ఎక్కించి ఒక వరస ప్లెయిన్ అల్లండి. రెండో వరస నుంచి ప్రతి వరసా ఇలా: 2 ప్లెయిన్, పోగుని సూది ముందుకి తెచ్చి అలాగే సూది మీదుగా వేసుకుని ఒక కొత్త కుట్టు పుట్టించండి, మిగతావన్నీ ప్లెయిన్. వరసకొక కుట్టు పెరుగుతూ పోతుంది. పోగు ముందుకు తెచ్చిన ప్రతిచోటా ఒక చిన్న కంత పడి అంచు వెంబడి లేసులా కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్ళు తప్పు జరిగిందనుకుని విప్పేస్తారు. విప్పకండి.

28 లేదా 30 కుట్లు అయ్యేసరికి 4 అంగుళాల చదరంలో సగం వచ్చినట్టు. ఇక తగ్గించాలి. ప్రతి వరసా: 1 ప్లెయిన్, 2 కుట్లు కలిపి ఒకటి, పోగు ముందుకి తెచ్చి ఒక కొత్త కుట్టు, మళ్ళీ 2 కలిపి ఒకటి, మిగతావన్నీ ప్లెయిన్. రెండు తగ్గి ఒకటి పెరుగుతుంది కాబట్టి మొత్తం మీద వరసకొకటి తగ్గుతుంది, అంచున కంతలు మాత్రం అలాగే కొనసాగుతాయి. 4 కుట్లు మిగిలాక ముగించండి.

ఉన్న ఊలంతా వాడేయాలంటే ఉండని తూచి, సగం బరువు మిగలగానే తగ్గించడం మొదలుపెట్టండి. ఒక గ్రాము అటో ఇటో అయినా ఫరవాలేదు కానీ తగ్గింపు వైపే కొంచెం ఎక్కువ ఉండాలి. 5, 6 గ్రాముల ముక్కకి తక్కెడ సరిగ్గా చూపించదు. దానికి ఇంకో పద్ధతి: పోగు కొసలు రెండూ కలిపి పట్టుకుని మొత్తం మడుస్తూ పోయి మధ్య ఎక్కడుందో చూసి, అక్కడ జారుముడి వేయండి. అల్లుతూ ఆ ముడి దగ్గరికి రాగానే వెనక్కి తిరగడమే. ఈ కిటుకు దొరికాక మా ఇంట్లో ఊలు ముక్క పారేయడం దాదాపు ఆగిపోయింది.

అక్రిలిక్ చదరం మీద టీ గ్లాసు పెట్టుకోవచ్చు. పొయ్యి మీంచి దించిన గిన్నె మాత్రం పెట్టొద్దు, కరిగి గిన్నెకి అంటుకుపోతుంది. గిన్నెల కిందకి నూలు దారం వాడండి, 7 అంగుళాల చదరం అల్లి రెండు పొరలుగా కుట్టండి.

రంగులు ఎలా కలపాలో తెలియకపోతే కోట్‌పాడ్ చీర ఒకటి చూడండి. మా జిల్లాలోనే ఉన్న ఆ ఊళ్ళో నేతగాళ్ళు ఆల్ చెట్టు వేరు బెరడుతో నూలుకి రంగు అద్దుతారు. ముదురు ఎరుపు, కాఫీ రంగు, రంగు వేయని తెలుపు. ఈ మూడే. 2005లో ఆ నేతకి జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నా దగ్గరున్న మెరూన్, కాఫీపొడి రంగు, క్రీమ్ ముక్కలతో ఆరు చదరాలు అల్లితే, కావాలని కొన్నట్టే ఉన్నాయి, మిగిలిన ఊలని ఎవరూ అనుకోలేదు.

చెవిపట్టీ

మంకీ క్యాప్ పెట్టుకోనని మొండికేసే పిల్లలకీ, జడ చెడుతుందని టోపీ వద్దనే పెద్దవాళ్ళకీ ఇది మంచి మందు. తల చుట్టుకొలత టేపుతో తీసి అందులోంచి 2, 3 అంగుళాలు తగ్గించండి. ఊలు సాగుతుంది కాబట్టి తగ్గించకపోతే రెండు రోజుల్లో కళ్ళ మీదకి జారుతుంది. పెద్దవాళ్ళకి సాధారణంగా 18 అంగుళాలు వస్తుంది.

8 నంబరు సూదుల మీద 20 కుట్లు ఎక్కించి, అన్ని వరసలూ ప్లెయిన్ అల్లుతూ పోవడమే. ప్రతి వరసలో మొదటి కుట్టుని అల్లకుండా పక్క సూది మీదకి జార్చేయండి, అంచు జడలా నీటుగా వస్తుంది. పొడవు చాలాక ముగించి, రెండు కొసలూ కలిపి కుట్టేయండి. కాస్త షోకు కావాలంటే 6 కుట్లతో 3 అంగుళాల చిన్న పట్టీ అల్లి, దాన్ని పెద్ద పట్టీ మధ్యలో నొక్కిపట్టి చుట్టూ తిప్పి వెనకాల కుట్టండి. బో కట్టినట్టుంటుంది. కుట్టిన అతుకు కూడా దాని కింద దాగిపోతుంది.

లెక్కలు లేని పని కాబట్టి ప్రయాణానికి ఇదే నా ఎంపిక. విశాఖ వెళ్ళే కిరండూల్ రైల్లో అరకు వైపు సొరంగాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. చీకట్లో కూడా ప్లెయిన్ అల్లుకుంటూ పోవచ్చు. డిజైను ఉన్న అల్లిక తీసుకెళ్తే సొరంగం దాటేసరికి లెక్క పోతుంది, పక్కసీటాయన "ఏం అల్లుతున్నారండీ?" అంటే మిగతాది కూడా పోతుంది.

వేళ్ళు బయటికి ఉండే చేతి తొడుగులు

జనవరి పొద్దున్నే పంపు నీళ్ళు ముట్టుకున్నాక వీటి విలువ తెలుస్తుంది. వేళ్ళు బయటే ఉంటాయి కాబట్టి ఫోను నొక్కొచ్చు, కూరలు తరుక్కోవచ్చు, పరీక్షలకి చదివే పిల్లలు పెన్ను పట్టుకోవచ్చు. నాలుగైదు సూదులతో గుండ్రంగా అల్లేవాళ్ళున్నారు కానీ నేను మామూలు రెండు సూదులతో చదునుగా అల్లి కుట్టేస్తాను.

అన్నిటికంటే ముందు ఊలుని తూచి రెండు సమాన ఉండలు చేయండి. ఒక చెయ్యి పూర్తయ్యాక రెండో దానికి చాలలేదని తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. నేను ఒకసారి అలాగే ఒంటి తొడుగుతో మిగిలిపోయాను. అది ఇప్పుడు మా ఇంట్లో టీవీ రిమోట్‌కి చొక్కా.

10 నంబరు (3.25 మిల్లీమీటర్లు) సూదుల మీద 38 కుట్లు ఎక్కించండి. 2 ప్లెయిన్, 2 పర్ల్ చొప్పున వెళ్ళి చివర 2 ప్లెయిన్‌తో వరస ముగుస్తుంది. తిప్పాక 2 పర్ల్‌తో మొదలుపెట్టి, ప్లెయిన్ కనిపించినచోట ప్లెయిన్, పర్ల్ కనిపించినచోట పర్ల్. ఇలా 12 వరసలు. ఇది మణికట్టుని పట్టి ఉంచే భాగం. 38 ఎందుకంటే, కుట్టి కలిపినప్పుడు గీతల వరస ఎక్కడా తెగకుండా అతుకుతుంది.

8 నంబరు సూదుల్లోకి మారి, ఒక వరస ప్లెయిన్, ఒక వరస పర్ల్‌గా అల్లుతూ మొత్తం పొడవు 6 అంగుళాలు వచ్చేదాకా వెళ్ళండి. మళ్ళీ 10 నంబరు తీసుకుని, మణికట్టు దగ్గరలాగే 2 ప్లెయిన్, 2 పర్ల్‌గా 6 వరసలు వేసి, వదులుగా ముగించండి. ఇక్కడ బిగించి ముగిస్తే వేళ్ళు దూరవు. నా చెయ్యి బిగుతు కాబట్టి ముగింపు వరసకి లావు సూది పట్టుకుంటాను.

నిలువుగా మడిచి కింద నుంచి మూడున్నర అంగుళాలు కుట్టండి. బొటనవేలికి ఒకటిముప్పావు అంగుళం వదిలి, పైన మిగిలింది కుట్టండి. వదిలేచోటు రెండు తొడుగులకీ ఒకే ఎత్తులో ఉండాలి. ముందు ఒక కుట్టు వేసి చేతికి తొడిగి చూసుకుని అప్పుడు గట్టిగా కుట్టండి. ఒకే రంగు చాలకపోతే మణికట్టు, పై అంచు వేరే రంగులో పెట్టండి, జతకి జత కుదురుతుంది.

రంగు మార్చేటప్పుడు వరస మధ్యలో ముడి వేయొద్దు. వరస అంచున మార్చి, రెండు కొసలూ బెత్తెడు చొప్పున వదిలి, చివరికి లావు కన్నున్న మొద్దు సూదితో అల్లిక వెనక వైపు కుట్ల కింద నుంచి పోనీయండి. గొర్రె ఊలయితే ఇంకో పని చేయొచ్చు: రెండు కొసల్ని కొంచెం విప్పి, ఒకదాని మీదొకటి పెట్టి, నీళ్ళతో తడిపి అరచేతుల మధ్య గట్టిగా రుద్దితే అతుక్కుపోతాయి. అక్రిలిక్‌తో ఎంత రుద్దినా చేతులు మండటమే.

పసిపిల్ల టోపీ

మా ఇరుగుపొరుగుల్లో బారసాలకి నేను పట్టుకెళ్ళేది ఇదే. మెత్తటి ఊలు తీసుకోండి. చెంప మీద రాసి చూస్తే గుచ్చుకునేది పనికిరాదు.

10 నంబరు సూదుల మీద 72 కుట్లు ఎక్కించి, 1 ప్లెయిన్, 1 పర్ల్‌గా ఒక అంగుళం అల్లండి. 8 నంబరుకి మారి ఒక వరస ప్లెయిన్, ఒక వరస పర్ల్‌గా మొత్తం 4 అంగుళాలు వచ్చేదాకా. తర్వాత ప్లెయిన్ వరసల్లో తగ్గించాలి, పర్ల్ వరసలు మామూలుగా వెళ్ళాలి. మొదటి తగ్గింపు వరసలో 6 ప్లెయిన్, 2 కలిపి ఒకటి, మళ్ళీ 6, మళ్ళీ 2 కలిపి, అలా చివరిదాకా. 63 మిగలాలి. తర్వాతి ప్లెయిన్ వరసలో 5 అల్లి 2 కలపాలి, ఆ తర్వాత 4 అల్లి 2, ఇలా ఒక్కొక్కటి తగ్గించుకుంటూ వెళ్తే వరసకి 9 చొప్పున తగ్గుతాయి: 54, 45, 36, 27, 18. చివరి వరసలో అన్నీ రెండేసి కలిపితే 9 మిగులుతాయి. లెక్క ఎక్కడైనా తప్పితే అక్కడే ఆగి వెతకండి, ముందుకెళ్తే దొరకదు.

పోగుని ఒక జానెడు పొడుగ్గా తెంపి, మొద్దు సూదితో ఆ 9 కుట్లలోంచి తీసి, బిగించి, అదే పోగుతో పక్క అతుకు కిందిదాకా కుట్టేయండి.

చూడ్డానికి బాగుంటుందని గుండీలు, ఊలు పువ్వులు పెట్టాలనిపిస్తుంది. పసివాళ్ళకి వద్దు, ఊడితే నోట్లో పెట్టుకుంటారు. లోపలి వైపు వేలాడే పోగులు కూడా ఉండకూడదు, వేలికి చుట్టుకుంటాయి. డాక్టరు పెట్టమని చెప్తే తప్ప పడుకోబెట్టేటప్పుడు టోపీ తీసేయమని తల్లికి చెప్పండి.

సంచీ ఖాళీ అయితే

ఇంట్లో పాత స్వెటర్లు విప్పితే బోలెడు ఊలు వస్తుంది. మా పుట్టిల్లు పర్లాకిమిడి. గజపతి జిల్లాలోనే చంద్రగిరి దగ్గర 1963 నుంచి టిబెట్ శరణార్థుల కాలనీ ఉంది. చలికాలం వస్తే మా నాన్న స్వెటర్లు టిబెట్ వాళ్ళ దగ్గరే కొనేవారు. వాటిలో ఒకటి పెద్దయ్యాక విప్పబోతే అంతా జానెడు జానెడు ముక్కలు! మిషను మీద గుడ్డలా అల్లి, కత్తిరించి కుట్టిన స్వెటర్ అది. అందుకని ముందు లోపలి అతుకులు తిరగేసి చూడండి. అంచు కత్తిరించి దారంతో ఓవర్‌లాక్ చేసి ఉంటే విప్పొద్దు. రెండు అంచులూ నిండు కుట్లతో ఉండి, మధ్యలో ఊలుతోనే కలిపి కుట్టి ఉంటే నిశ్చింతగా విప్పొచ్చు.

విప్పిన ఊలు నూడుల్స్‌లా ఉంగరాలు తిరిగి ఉంటుంది. కుర్చీ వీపుకి చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి తీసి, గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టి, పిండకుండా నొక్కి, కింద ఏదైనా బరువు తగిలించి నీడలో ఆరేయండి. మర్నాటికి తిన్నగా అవుతుంది.

ఉతికేటప్పుడు గొర్రె ఊలుకి వేడినీళ్ళు, గట్టి రుద్దుడు పనికిరావు, కుంచించుకుపోయి గట్టిపడుతుంది. అక్రిలిక్‌కి ఇస్త్రీ పెట్టె తగలనివ్వకండి. నేను ఒక చెవిపట్టీని ముడతలు పోవాలని ఇస్త్రీ చేస్తే సాగే గుణమంతా పోయి తడిగుడ్డలా వేలాడింది. బాగుచేసే దారి లేదు. తడిపి, తువ్వాలు మీద ఆకారం సరిచేసి, పరిచి ఆరబెడితే చాలు.

వేలెడు కన్నా పొట్టి ముక్కలు ఎలాగూ మిగులుతాయి. వాటిని ఒక డబ్బాలో వేస్తూ ఉండండి. డబ్బా నిండాక రెండు చిన్న చదరాలు కలిపి మూడు వైపులా కుట్టి, ఆ ముక్కలు కూరి నాలుగో వైపు మూసేస్తే సూదులు గుచ్చుకునే దిండు తయారు. మా అత్తగారి కుట్టుమిషను మీద ఉన్నది అలా చేసిందే.